జట్టు సీరం

రోజు 4

కణాల పెంపకం గది పుస్తకంలో ఇంక్యుబేటర్ వేడి, కణాల లెక్క, సీరం సీసా నంబరు, ఈ మూడే రాయాలని నియమం. ఇరవై రెండేళ్లుగా ఆ మూడే రాశాను. ఇప్పుడు అంతటితో ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. ఇంక్యుబేటర్లో ఉన్న గిన్నె నా చెల్లెలిది.

నాలుగు రోజుల కిందట ఈశ్వరికి ఎండదెబ్బ తగిలింది. భూమ్మీద ఎండదెబ్బ తగిలితే నిమ్మకాయ నీళ్లు తాగి నీడన పడుకునేవాళ్లట. ఇక్కడ చంద్రుడి మీద నీడన పడుకుంటే తగ్గేది కాదు. సూర్యుడు ఉన్నట్టుండి కక్కే కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి. పైకి గాయమంటూ ఏదీ కనిపించదు, లోపల ఎముకల్లో మూలుగ మాడిపోతుంది. మూలుగ పోతే కొత్త రక్తం పుట్టదు.

సైరన్ మోగగానే అందరూ బాయిలోకి దిగారు. మంచు తవ్వే సొరంగాన్ని మేము బాయి అంటాం. రెండో బాయి జట్టుకు ఈశ్వరి సర్దారు. పైన బండి కింద కాలు ఇరుక్కున్న పోశాన్ని లాగి, లోపలికి తోసి, తలుపు తనే వేసి అందరికంటే చివర దిగింది. పదకొండు నిమిషాలు బయట ఉంది. పోశం కిందే ఉన్నాడు కాబట్టి బండి ఇనుము వాణ్ణి కాపాడింది. ఈశ్వరిని కాపాడటానికి ఏమీ లేదు.

ఇక్కడికి వచ్చిన ప్రతి మనిషి మూలుగ ఒక చెంచాడు తీసి గడ్డకట్టించి దాస్తాం. ఈశ్వరి చెంచా ఈ పొద్దున కరిగించాను. నాలుగు లక్షల మూలకణాలు బతికి ఉన్నాయి. అవి రెండు కోట్లు కావాలి. ఇరవై నాలుగో రోజు లోపల ఎక్కించకపోతే తర్వాత ఎక్కించినా ఉపయోగం లేదని డాక్టర్ హైమవతి మొహమాటం లేకుండా చెప్పేసింది.

కణాలకు తిండి సీరం. రక్తం గడ్డకట్టాక పైన తేలే గడ్డిరంగు నీరు. భూమ్మీద దూడల సీరం పోసేవాళ్లట. ఇక్కడ దూడ ఎక్కడిది, మనుషులదే పోస్తాం. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ల జట్టువాళ్లే ఇవ్వాలనేది బాయి ఆనవాయితీ. ముప్పై ఒక్క మంది వరసకట్టి ఇచ్చారు. నేను జట్టు మనిషిని కాకపోయినా అక్కను, మొదటి సీసా నాదే.

రోజు 7

ఐదు లక్షలు. పదహారు ఉండాలి.

మళ్లీ లెక్కపెట్టాను. ఐదే.

ఇంక్యుబేటర్ ముప్పై ఏడు డిగ్రీల దగ్గరే ఉంది. నీళ్లు పరీక్షించాను, బాగున్నాయి. సీరాన్ని యాభై ఆరు డిగ్రీల నీళ్లలో సరిగ్గా అరగంట ఉంచాను, గడియారం పక్కనే కూర్చున్నాను. అయినా నా మీదే నాకు అనుమానం. వయసు మీద పడి చేతులు ఏమైనా తప్పు చేస్తున్నాయా? పాత సీసాలు తీసి నా రాత నేనే తనిఖీ చేసుకున్నాను.

వార్డుకు వెళ్లాను. లోపలికి రానివ్వరు, అద్దం బయట నుంచి ఫోనులో మాట్లాడాలి. ఈశ్వరి దిండుకు ఆనుకుని కూర్చుంది. జుట్టు దిండు మీద రాలి ఉంది.

"నా కణాలు ఎట్లున్నయే అక్కా?"

"పెరుగుతున్నయ్."

"అబద్ధమాడితే నీ ముక్కు కొన ఎర్రగైతది. చిన్నప్పట్నుంచి గంతే."

"నువ్వు ముందు తిను."

"తినక సస్తనా! మూడు పూటలు మీద కూసొని తినిపిస్తుండ్రు. గింత తిండి నా పెండ్లిల గూడ తినలే."

ఫోను పెట్టేసి వచ్చాను. ముక్కు తడుముకున్నాను కూడా.

రోజు 9

నాలుగు లక్షల డెబ్భై వేలు. పెరగడం సంగతి పక్కన పెడితే తగ్గుతున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. చచ్చేముందు కణాలు అలాగే ఉంటాయి, వేలసార్లు చూశాను. ఇవి ఈశ్వరివి కాబట్టి చూడలేకపోయాను.

అన్నీ సరిగ్గా ఉండి కణాలు పెరగడం లేదంటే మిగిలింది సీరమే. ముప్పై రెండు మందిది కలిపి పోశాను. అందులో ఎవరిదో ఒకరిది చెడ్డదై ఉండాలి. ఒక్కొక్కరిదీ విడివిడిగా పోసి చూస్తే తెలుస్తుంది. చూడటానికి కణాలు కావాలి. ఈశ్వరివి ఉన్నవే కొన్ని, వాటిని పరీక్షకు వాడను.

గడ్డకట్టించే పెట్టె తెరిచి నా చెంచా తీశాను. ఓదెమ్మ, నంబరు నూట నాలుగు. రేపు నాకు ఎండదెబ్బ తగిలితే పెంచడానికి ఏమీ మిగలదు. తగిలినప్పుడు చూద్దాం. ముప్పై రెండు గుంటల పళ్లెంలో నా కణాలు సమంగా పోసి, ఒక్కో గుంటలో ఒక్కరి సీరం వేశాను.

రోజు 13

పళ్లెం తీశాను. చెడ్డది ఒకటే ఉంటుందనుకున్నాను కదా, ముప్పై ఒకటి చెడ్డవి. అన్నిటికంటే తక్కువ కణాలున్న గుంట ఒకటో నంబరు, నాది. నా సీరంలో నా కణాలే బతకలేకపోయాయి.

పందొమ్మిదో గుంటలో మాత్రం కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిండిపోయి ఉన్నాయి. ఆ సీరం సమ్మయ్యది. బక్కపలచటి మనిషి, షుగరు కూడా ఉంది, అతనిదే బాగుండటమేమిటి? వెంటనే కబురు పెట్టాను. టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సమ్మయ్యా, నువ్వు చేసి మీవాళ్లు చెయ్యనిది ఏందో చెప్పు."

"నేనేం జేసిన అక్కా?"

"మందులా? ఏమన్న తాగినవా? చెప్పు, నేనెవరికీ చెప్పను."

అతను టోపీని తిప్పుతూ, "నేను చేసింది కాదక్కా. చెయ్యనిది ఉంది. నన్ను మొక్కనియ్యలే వాళ్లు" అన్నాడు.

"ఏం మొక్కు?"

"ఈశ్వరక్క తన కాళ్ల మీద నడుచుకుంట బయటికొచ్చేదాక ఒంటిపూట. పొద్దున ఇంత గటుక, అంతే. మొదటి రోజునుంచే. నాకు షుగరుందని పోశం వద్దన్నడు. నాకెంత నామోషీ అయిందో!"

సీరం తీసిన రోజు కాగితాలు ముందుకు లాక్కున్నాను.

సీరం తీసేముందు ప్రతి ఒక్కరినీ నేనే అడిగాను, "తిన్నవా?" అని. ప్రతి ఒక్కరూ "ఆఁ, తిన్న" అన్నారు. నేను టిక్కు పెట్టాను. మనవాళ్లను ఆ మాట అడిగితే ఇంకేం చెబుతారు? పదిరోజులు పస్తున్నవాడు కూడా తిన్నాననే అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆ టిక్కును నమ్ముకుని కూర్చున్నందుకు నన్ను అనాలి.

తినకుండా ఉంటే ఒళ్లు పెరుగుదలను ఆపేస్తుంది. కణాలను పెరగమని చెప్పే పదార్థాలు రక్తంలో పడిపోతాయి. ఆ రక్తం తీసి, పెరగాల్సిన కణాలకు పోశాను.

క్యాంటీన్‌కు వెళ్లేసరికి రెండో జట్టంతా అక్కడే ఉంది. గిన్నెలు బోర్లించి, ఉత్త టీ తాగుతున్నారు.

"మీకేమన్న బుద్ధుందా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. పళ్లెంలో ఏం చూశానో చెప్పాను. "దానికి తిండి పెట్టాల్సింది మీ రక్తమే. మీరే మాడుతుంటే అదేం తింటది?"

పోశం కర్ర పట్టుకుని లేచాడు. కాలింకా నయం కాలేదు.

"ఆమె నన్ను తోసి తను ఎండల నిలబడ్డది. నేను రెండు పూటలు బువ్వ మానుకుంటే ఎక్కువా? మొక్కినంక ఇడిస్తే ఆమెకే తగులుతదక్కా."

"ఇడవకపోతే పదకొండు రోజుల్ల సచ్చిపోతది."

ఆ మాట నా నోటివెంటే వచ్చింది. పోశం ముఖం చూడలేకపోయాను. అతను వంటవాళ్ల వైపు తిరిగి, "పెట్టుండ్రి" అన్నాడు. తిన్నారు. పెళ్లి భోజనంలా కాదు, మందు మింగినట్టు తిన్నారు.

నేనెవరికీ మొక్కలేదు. ముద్ద గొంతు దిగడం లేదంతే. దానికి కూడా అదే ఫలితం.

రోజు 14

మూడు లక్షల అరవై వేలు. సమ్మయ్యది మిగిలిన రెండు చెంచాల సీరం పోశాను, ఒకటి రెండు రోజులు ప్రాణం నిలుపుతుంది. మళ్లీ ఇస్తానని మనిషి వచ్చి కూర్చున్నాడు. షుగరు మనిషి దగ్గర వెంటవెంటనే రక్తం తీయడానికి వీల్లేదని డాక్టరమ్మ పంపించేసింది.

జట్టువాళ్లు తినడం మొదలుపెట్టారు సరే, రక్తం మళ్లీ చిక్కబడటానికి పది రోజులు పడుతుందంటుంది ఆమె. అంటే ఇరవై మూడో రోజు. ఆ రోజు సీరం తీసి కణాలు ఎప్పుడు పెంచను?

ఆనవాయితీ సంగతి తర్వాత, బయటి జట్టువాళ్లనే అడగాలనుకున్నాను. మొదటి బాయిలో ఒక్కొక్కరినీ ఆపి అడిగాను. ఈసారి "తిన్నవా" అనలేదు. "నిన్న పొద్దున ఏం తిన్నవ్, మధ్యాహ్నం ఏం తిన్నవ్, రాత్రి ఏం తిన్నవ్" అని అడిగాను. మధ్యాహ్నం దగ్గరకు వచ్చేసరికి తలలు దించుకున్నారు. మొక్కు ఊరంతా పాకింది.

ఇక నాకు తోచింది ఒకటే. కూర్చుని, నా చెల్లెలంటే గిట్టనివాళ్ల పేర్లు రాశాను. సొంత అక్క రాయాల్సిన జాబితా కాదది. ఒకే ఒక్క పేరు వచ్చింది, పంపుహౌసు రాజేశం. తలుపు కాపలాలో కునుకు తీశాడని మూడేళ్ల కిందట ఈశ్వరి అతన్ని తవ్వకం నుంచి తీసేయించింది. అప్పట్నుంచి ఎదురుపడితే అటు తిరిగి పోతాడు. మొగుడూ పెళ్లాల తగువులాంటిది కాదు, నిజమైన కోపం.

పంపుల చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "నాది పనికిరాదు" అన్నాడు.

"కోపం తర్వాత చూపియ్ రాజేశం. కాళ్లు పట్టుకుంటా."

"నాది పనికిరాదని చెప్పిన కదక్కా."

"ఎందుకు రాదు? గంత పగనా? అది సచ్చిపోతే నీ కడుపు నిండుతదా?"

అతను గొట్టం మీద చెయ్యి పెట్టాడు. "నేను గూడ తింటలే" అన్నాడు. "ఎవలకూ చెప్పకు. ఆమె మీద నా కోపం పోలే. పోదు గూడ. గని సావాలని ఎవలనుకుంటరు?"

పంపు వెనక కూర్చుని ఏడ్చాను. అతను పంపు ఆపలేదు, ఆ చప్పుడులో నా ఏడుపు ఎవరికీ వినబడకూడదనేమో.

రోజు 15

ఈ ఊళ్లో కడుపునిండా తింటున్నది ఎవరు? రోజంతా ఇదే ప్రశ్న. బియ్యం డబ్బా మూత తీస్తుంటే తట్టింది. మూడు పూటలా, మీద కూర్చుని తినిపిస్తున్నది ఒక్క మనిషికే.

పరుగెత్తాను. ఈశ్వరికి రోజూ పరీక్షకు తీసే రక్తం గొట్టాల్లో అడుగున కొంచెం మిగులుతుంది. వార్డువాళ్లు వాటిని వారం దాకా పారేయరు. అన్నీ తెచ్చి యంత్రంలో తిప్పి, పైనున్న సీరం జాగ్రత్తగా పోగుచేస్తే అర చెంచా వచ్చింది. నా కణాలు కొన్ని బతికి ఉన్న గుంటలో వేశాను. దీనికోసం ఎవరి అనుమతీ అడగలేదు.

రోజు 16

తెల్లారి పళ్లెం తీసి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. సమ్మయ్య సీరంలో కంటే దట్టంగా ఉన్నాయి. ఒక్క రోజులో!

డాక్టరమ్మను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు.

"తిండి ఒక్కటే కాదు ఓదెమ్మగారూ. ఒంట్లో రక్తం తగ్గుతున్నకొద్దీ ఒళ్లు మూలుగను కేకలేస్తుంది, పుట్టించు, పుట్టించు అని. ఆ కేక రక్తంలోనే ఉంటుంది. ఈవిడకు వినే మూలుగ లేదు. కాబట్టి కేక ఖర్చు కాకుండా పేరుకుపోయింది."

"అయితే దీన్నే పోద్దాం."

"ఎంత కావాలి?"

"నూట యాభై మిల్లీలీటర్ల రక్తం తీస్తే సరిపోతుంది. సగం పాళ్లలో కలుపుకుని వాడతాను."

ఆమె ముఖం మారింది. "హిమోగ్లోబిన్ ఐదు. ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలు. సూది గుచ్చితే రక్తం ఆగుతుందో లేదో తెలియదు. గుండె తట్టుకుంటుందో లేదో తెలియదు. జట్టు రక్తం ఎక్కించవచ్చు, కానీ అది ఎక్కేలోపే ప్రాణం పోవచ్చు. రోగి ఒంట్లోంచి తీయడం నేను ఎప్పుడూ చేయలేదండీ."

"తీయకపోతే?"

ఆమె సూక్ష్మదర్శిని దీపం ఆర్పేసింది. ఇద్దరం అద్దం దగ్గరికి వెళ్లాం. ఫోను తీసి ఈశ్వరికి అన్నీ చెప్పాను, మొక్కు సంగతి, పళ్లెం సంగతి, ప్రమాదం సంగతి. ముక్కు ఎర్రబడకుండా.

"ఊరంత పస్తులుండి నన్నొక్కదాన్నే మేపిండ్రా?" అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు, కళ్లు తుడుచుకుంది. "ముందే చెప్తే నేను తినకపోదును."

"అందుకే దేవుడు చెప్పనియ్యలే."

"తియ్యే అక్కా. నాది నాకే ఇస్తున్న కదా, ఎవలకు బాకీ?"

నన్ను తొడుగులన్నీ వేసి లోపలికి పంపారు. పదహారు రోజుల తర్వాత దాన్ని ముట్టుకున్నాను. సూది తీశాక రక్తం ఆగలేదు. దూది పెట్టి బొటనవేలితో నొక్కాను. పది నిమిషాలు. ఇరవై. దూది తడుస్తూనే ఉంది. ఈశ్వరి పెదాలు తెల్లబడి, "చలైతుంది" అంది. డాక్టరమ్మ రక్తం సంచి వేలాడదీసి, మానిటర్ వైపే చూస్తూ నిలబడింది. నలభై ఏడు నిమిషాలకు దూది తడవడం ఆగింది. నా బొటనవేలు మాత్రం చాలాసేపు వదల్లేదు, డాక్టరమ్మే విడిపించాల్సి వచ్చింది.

రోజు 19

పద్నాలుగు లక్షలు.

ఇంకేమీ రాయను. రాస్తే దిష్టి తగులుతుందని భయంగా ఉంది.

రోజు 24

కోటీ తొంభై లక్షలు. పది లక్షలు తక్కువ. ఇంకొక్క రోజు ఉంచమంటారా అని అడిగితే, ఉంచడానికి ఈశ్వరి దగ్గర ఇంకో రోజు లేదంది డాక్టరమ్మ.

చిన్న సంచిలో, లేత గులాబీ రంగులో, గుక్కెడు నీళ్లంత. అరగంటలో ఎక్కిపోయింది. పద్నాలుగు రోజుల దాకా అవి ఎముకల్లో కుదురుకున్నాయో లేదో చెప్పలేమట. ఇక నాకు గదిలో పనేమీ లేదు. అయినా రేపు కూడా వచ్చి ఖాళీ ఇంక్యుబేటర్ వేడి చూసి రాస్తాను.

రోజు 31

ఈశ్వరికి నూట మూడు జ్వరం. పొద్దున నన్ను గుర్తుపట్టలేదు, "అమ్మా, సైరన్ మోగుతుంది" అంది. తెల్లకణాలు సున్నా.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో జట్టంతా కూర్చుని ఉంది. గిన్నెలు నిండుగా ఉన్నాయి, ఎవరూ చెయ్యి పెట్టలేదు. పోశం నా వైపు చూశాడు. ఆ చూపులో నింద ఉంది, దాచుకోవాలని చూశాడు గానీ దాగలేదు.

"మొక్కు తప్పినం అక్కా. తినుమన్నవ్, తిన్నం. ఇగో, జ్వరమొచ్చింది."

నాకు కోపం రావాలి. రాలేదు. నిజంగానే నేనే తినిపించాను కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఇన్నేళ్లు సూక్ష్మదర్శినిలో చూసినదాన్ని, నాకే అనిపించింది.

గిన్నె తీసుకుని వాళ్ల మధ్యలో కూర్చున్నాను. గటుక, పుట్టగొడుగుల కూర. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగి మింగాను. రెండోది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఈసారి కుదరకపోతే డాక్టరమ్మ ఉపయోగం లేదన్నా నేను మళ్లీ పెంచుత" అన్నాను. "గిన్నె అడుగున మిగిలిన కణాలు కొన్ని దాచి పెట్టిన. మళ్లీ దాని ఒంట్లకెళ్లి తియ్యలేం, అది ఇగ తట్టుకోదు. అప్పుడు ఎవలది పొయ్యాలె? మొక్కింది మీరు, మీ మీదనే తగలనియ్యుండ్రి. దానికి మాత్రం మీ రక్తం కావాలె. నాక్కూడా దిగుతలేదు. అయినా తింటున్న, చూడుండ్రి."

ఎవరూ కదల్లేదు. తలుపు దగ్గర ఎవరో బెంచీ లాగిన చప్పుడు అయింది. రాజేశం. రెండో జట్టు బల్ల దగ్గర మూడేళ్లలో ఎప్పుడూ కూర్చోనివాడు. ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి కూర్చుని, గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. పోశం అతన్ని చూశాడు. తర్వాత ముద్ద కలిపాడు.

గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

రోజు 34

జ్వరం నూట ఒకటి. సున్నా.

రోజు 36

జ్వరం నూరు. సున్నా. డాక్టరమ్మ నా కళ్లలోకి చూడటం లేదు.

రోజు 38

పొద్దున తెల్లకణాల లెక్క యంత్రం "వంద" అని చూపించిందట. యంత్రం తప్పు చూపిస్తుందేమో, ఇంతకుముందు రెండుసార్లు చూపించింది, సంబరపడకండి అన్నారు. నేను సంబరపడలేదు. ఒక చుక్క రక్తం గాజుపలక మీద పరిచి, రంగు వేసి, నా గదిలో నా సూక్ష్మదర్శిని కింద పెట్టాను. పోశం, సమ్మయ్య గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రావద్దని ముందే చెప్పాను.

ఎర్రకణాలు పలచగా ఉన్నాయి. పలక జరుపుతూ పోయాను. ఏమీ లేదు. ఇంకో వరస. ఏమీ లేదు. మూడో వరస మధ్యలో ఒకటి, ఊదారంగు మచ్చలతో. లేత తెల్లకణం, నిన్నగాక మొన్న ఎముకలోంచి బయటికి వచ్చింది. ఊపిరి బిగపట్టి జరిపాను. ఇంకొకటి. ఆ పక్కనే మూడు. పలక చివరికి వచ్చేసరికి పదకొండు లెక్కపెట్టాను. నా కళ్ల మీద నమ్మకం లేక మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.

"ఉన్నయా అక్కా?" అన్నాడు పోశం.

కుర్చీలోంచి లేచి పక్కకు జరిగి, వాణ్ణే రమ్మని చెయ్యి ఊపాను. కర్ర గోడకు ఆనించి, కుంటుకుంటూ వచ్చి కన్ను పెట్టాడు. వాడికి ఎర్రకణం ఏదో తెల్లకణం ఏదో తెలియదు. అయినా కదలకుండా చూస్తూ ఉండిపోయాడు.